కంప్యూటరుకు కాపలా



కిందటి నెల ఒక మధ్యాహ్నం మా కంప్యూటరు తెరంతా ఎర్రబడి, గీమని ఒకటే మోత. “మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని రాత. మా అత్తగారి పెన్షను కాగితాలు, అమ్మాయి పెళ్ళి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయాయె! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్ అందుకున్నాను కూడా. మావాడు వచ్చి ఆ పేజీ మూసేశాడు, మోత ఆగింది. వైరస్సూ లేదు, పాడూ లేదు. బెదిరించి డబ్బు గుంజే ఎత్తు అది. అసలైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదట.

మరి ఏ సాఫ్ట్‌వేరు కొనాలంటారా? ముందు ఇంట్లో ఉన్నదేమిటో చూసుకోండి. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే కాపలాదారు కంప్యూటరుతోపాటే వస్తాడు. విడిగా జీతం ఇవ్వక్కర్లేదు. మామూలు ఇంటి వాడకానికి అది చాలుననే నా అభిప్రాయం. కాదు, కొంటామంటే, జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ సంస్థలు ఇలాంటివాటిని పరీక్షించి ఫలితాలు ప్రకటిస్తుంటాయి. దుకాణంవాడి మాటకన్నా అవి నయం. రెండో ఏడు ఎంత కట్టాలో కూడా ముందే అడగండి. ఒకటికి రెండుంటే మంచిదేగా అని రెండు మాత్రం పెట్టకండి. ఒకదానికొకటి అడ్డం పడి కంప్యూటరు నత్తనడక పడుతుంది.

ఈ కాపలా పని పోలీసు స్టేషనులో దొంగల ఫొటోలు పెట్టుకోవడంలాంటిది. కొత్త దొంగ ఫొటో రాకపోతే పోలిక పట్టడం కష్టం. అందుకే అప్‌డేట్ అడిగినప్పుడల్లా “తరవాత” అని నొక్కకూడదు. 2017 మే నెలలో వన్నాక్రై అనేది ఎన్నో దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్ళే దెబ్బతిన్నారు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీది అదే అయితే ఇంట్లో పిల్లల్ని అడిగి సంగతి తేల్చుకోండి.

పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండమ్మా, వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇక ఫైళ్ళకు తాళం పడితే ఏ కాపలాదారూ తీసి ఇస్తాడని నమ్మకం లేదు. నకలు ఉండాల్సిందే. ఆ నకలు ఉన్న డిస్కును కంప్యూటరుకే తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది. మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఇప్పుడు ఒక చిన్న డిస్కులో, బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. నెలకోసారి తీసి, కొత్తవి ఎక్కించి, మళ్ళీ అక్కడే పెడుతున్నాను.