ఉడీ టోపీ ఎక్కడికి పోయింది?

1998లో పిక్సార్ వాళ్లు ‘టాయ్ స్టోరీ 2’ తీస్తున్నారు. ఎవరో పొరపాటున ఫైళ్లు తుడిచేసే కమాండ్ ఒకటి ఇచ్చారు. తెర మీద ఉడీ టోపీ మాయమైంది, తర్వాత బూట్లు, తర్వాత ఉడీయే లేడు! సినిమాలో సుమారు 90 శాతం పోయింది. బ్యాకప్ సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది.

చివరికి ఆదుకున్నది గ్యాలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్. ఇంట్లో చంటిబిడ్డ ఉండటంతో ఆమె ఇంటి నుంచే పని చేసేది, సినిమా కాపీ ఒకటి అక్కడి కంప్యూటర్‌లో ఉంది. దానికి దుప్పట్లు చుట్టి, కారులో భద్రంగా తీసుకొచ్చారు. అందరూ దీన్ని అదృష్టం అంటారు. ఒక తల్లికి ఇంటి నుంచి పని చేసే వీలు ఇచ్చారు కాబట్టే ఆ కాపీ ఉందని నేనంటాను.

ఆ రోజుల్లో ఫైళ్లు తుడిచే అధికారం అక్కడ చాలామందికి ఉండేది. ఎవరు ఏది ముట్టుకోవచ్చు, బ్యాకప్‌ని మళ్లీ తెరిచి ఎప్పుడెప్పుడు చూడాలి అనేవి ప్రతి స్టూడియోకీ కావలసిన మొదటి కట్టుబాట్లు. (ఇంత కష్టపడి కాపాడిన సినిమా కథ బాగాలేదని, తర్వాత చాలావరకు మార్చి, సుమారు 9 నెలల్లో మళ్లీ తీశారు. ఆ లోపాన్ని ఏ కంప్యూటరూ పట్టలేదు.)

ఇంకో చిక్కు ఉంది. బొమ్మ చేసేవారు ఒకరు, కదిలించేవారు ఒకరు, వెలుగునీడలు దిద్దేవారు ఇంకొకరు. ఒక్కొక్కరిదీ ఒక్కో సాఫ్ట్‌వేర్. అందరూ ఒకటే వాడండి అని హుకుం జారీ చేస్తే మేనేజర్‌కి సుఖమే గానీ, కళాకారుల చేతులు కట్టేసినట్టే. అందుకే సాఫ్ట్‌వేర్‌ని వదిలేసి, చేతులు మారే ఫైలుకి ఒకే పద్ధతి పెట్టుకోవడం మేలు. పిక్సార్ తయారు చేసుకున్న అలాంటి పద్ధతి పేరు యూనివర్సల్ సీన్ డిస్క్రిప్షన్, పొట్టిగా యూఎస్‌డీ. 2016లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మాయా, హూడినీ, బ్లెండర్ లాంటివన్నీ ఇప్పుడు దాన్ని చదువుతాయి.

అది ఎలా పనిచేస్తుందో మన తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లకి చెప్పడం తేలిక. తాళపత్ర ప్రతుల్ని పరిష్కరించే పండితుడు ఏం చేస్తాడు? మూలాన్ని చెరపడు. తనకు సరైనదనిపించిన పాఠం పైన ఇచ్చి, పాఠాంతరాలు అడుగున చూపిస్తాడు. యూఎస్‌డీలో కూడా అంతే. ప్రతి విభాగం తన మార్పుల్ని తన పొరలోనే రాస్తుంది. ఉడీ చొక్కా ఒక పొరలో పసుపు, పై పొరలో ఎరుపు అని ఉంటే తెర మీద ఎరుపే కనిపిస్తుంది. పై పొర తీసేస్తే పసుపు మళ్లీ వస్తుంది. ఒకరి పనిని ఇంకొకరు తుడిచేయక్కర్లేదు. ఇలా రాసిన ఒక్కో విలువని అక్కడ ‘ఒపీనియన్’ అంటారు, అంటే అభిప్రాయం. ఏ పొర మాట చెల్లాలో ముందే వరస పెట్టి ఉంటుంది కాబట్టి అభిప్రాయాలు ఎన్ని ఉన్నా తగవు రాదు.