టెంక ఎవరికి?

మొన్న ఆదివారం మా పెద్ద మనవరాలు ఓ లావుపాటి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. "తాతయ్యా, ఆధునిక రాజకీయ తత్వశాస్త్రానికి పరిచయమట. ముప్పై పేజీలు చదివా, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు" అంది.

చూస్తే విల్ కిమ్లికా 1990లో రాసింది. మంచి పుస్తకమే. కాకపోతే ఉపయోగితావాదం, ఉదార సమానత్వం, మార్క్సిజం, స్త్రీవాదం అంటూ సిద్ధాంతాల వరసన నడుస్తుంది. కొత్త కోడలికి అత్తారి చుట్టాలందరినీ ఒక్క పూటలో చూపించినట్టుంటుంది. ఎవరు బాబాయో, ఎవరు మావయ్యో తేలదు. జోనాథన్ వుల్ఫ్ 1996లో రాసిన పుస్తకమైతే అసలు ప్రభుత్వం ఎందుకు, ఎవరు ఏలాలి, ఆస్తి ఎవరిది అని ప్రశ్నలు పట్టుకుని సాగుతుంది. నన్నడిగితే ముందు అదే చదవాలి.

"అది తర్వాత. ఓ మామిడిపండూ చాకూ పట్రా."

బంగినపల్లి ఒక్కటే మిగిలింది. తినేవాళ్లు ముగ్గురు: ఇదీ, దీని తమ్ముళ్లిద్దరూ. పండుకేమో రెండు చెక్కలు, ఒక టెంక.

"కోసేది నువ్వే. కానీ వాళ్లు తీసుకున్నాక మిగిలిందే నీకు."

పిల్ల చాకు పండుమీద ఆనించి ఆగింది. రోజూ టెంకకి తగిలేదాకా కోసేది, ఆవేళ మాత్రం టెంక చుట్టూ వేలెడు మందం కండ వదిలేసింది. తమ్ముళ్లు చెక్కలు పట్టుకుపోతారని, టెంక తనకే మిగులుతుందని దాని లెక్క.

"ఇదేనమ్మా జాన్ రాల్స్ చెప్పింది" అన్నాను. 1971లో ఆయన వేసిన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లోనూ ఓ కేకు ఉంది, కోసినవాడికే చివరి ముక్క. అసలు విషయం దాని వెనకాల ఉంది. నువ్వు ఎవరి కడుపున పుడతావో, ఆరోగ్యంగా ఉంటావో లేదో తెలియకుండా కళ్లకి తెర కట్టేసి, సమాజానికి కట్టుబాట్లు రాయమంటే ఎలా రాస్తావు? అందరికంటే అడుగున ఉన్నవాడి వాటా వీలైనంత పెంచుతావు, ఎందుకంటే ఆ అడుగువాడివి నువ్వే కావచ్చు. రాల్స్ చిన్నప్పుడు ఆయన నుంచి జబ్బులు అంటుకుని ఇద్దరు తమ్ముళ్లు పోయారు, ఒకడు డిఫ్తీరియాతో, రెండోవాడు నిమోనియాతో. దానికీ సిద్ధాంతానికీ ముడి వెయ్యను గానీ, చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

అంతలో మధ్యవాడు లేచాడు. "బజారు నుంచి మోసుకొచ్చింది నేను. సమానమేంటి?"

వాడెప్పుడూ పుస్తకం ముట్టుకోడు, కానీ ఆ మాట రాబర్ట్ నోజిక్‌ది. రాల్స్ ఉన్న హార్వర్డ్‌లోనే ఉంటూ 1974లో ఎదురు పుస్తకం రాశాడు. ఆయన ఉదాహరణ బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్. పది లక్షల మంది తలా పావు డాలరు ఇష్టపూర్వకంగా ఇస్తే అతనికి 2,50,000 డాలర్లు చేరతాయి. అందులో ఎవరికి జరిగిన అన్యాయం ఏముంది అంటాడు. వస్తువు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఎవరో తెచ్చిందే అని. సగం నిజమే. మరి మా మధ్యవాడికి డబ్బులిచ్చింది నేను కదా!

తెర వెనక కూర్చోబెడితే అందరూ రాల్స్ దారే పడతారా? హార్సాన్యి అనే ఆర్థికవేత్త 1950లలోనే ఇలాంటి తెరే ఊహించి, సగటు పెంచాలని తేల్చాడు. ఫ్రోలిక్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు ఏకంగా విద్యార్థుల గుంపులతో ప్రయోగమే చేశారు. ఎవరికి ఎంత సొమ్ము వస్తుందో తెలియకుండా పంపకం పద్ధతిని ఎంచుకోమన్నారు. ఎక్కువ గుంపులు 'ఇంతకంటే తక్కువ ఎవరికీ రాకూడదు' అని ఒక గీత గీసి, ఆపైన సగటు పెంచమన్నాయి. రాల్స్ సూత్రానికి ఓట్లు పడనేలేదన్నంత తక్కువ. పాపం!

"సరే, ఇక తీసుకోండి" అన్నాను.

ముందు చిన్నవాడి వంతు. వాడు చెక్కలవైపు కన్నెత్తి చూడకుండా, కండ దండిగా ఉన్న ఆ టెంక అందుకుని, మోచేతిదాకా రసం కారుతుంటే చీక్కుంటూ పెరట్లోకి పరిగెత్తాడు.

పెద్దది పలచటి చెక్క చేత్తో పట్టుకుని నా వంక చూసింది. "తాతయ్యా, ఇది ఏ పేజీలో ఉంది?"