కప్పు చూసిన రాత్రి

దుబాయ్ నుంచి దోహాకు విమానంలో గంట. నాకు ఆరేళ్లు పట్టింది.

2017 జనవరిలో కొత్త ఉద్యోగం దొరికి దోహా వదిలి దుబాయ్ వెళ్లాను. ‘ఎంత దూరం, పండక్కీ పబ్బానికీ వచ్చిపోతా’ అని చెప్పి విమానం ఎక్కాను. ఆ జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. నేరుగా వెళ్లే విమానాలు ఆగిపోయాయి. వెళ్లి తీరాలంటే మస్కట్ మీదుగానో కువైట్ మీదుగానో చుట్టూ తిరగాలి. మా జీతాలకు అది అయ్యే పనేనా? 2021 జనవరిలో రాజీ కుదిరేసరికి కరోనా వచ్చి కూర్చుంది. పాలకులు అలిగితే మనకేం అనుకుంటాం గానీ, వాళ్ల అలకకు మా టీకొట్టు బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది.

ఆ బల్ల దోహా నజ్మాలో ఒక కెఫ్టేరియాలోది. శుక్రవారం సెలవునాడు నలుగురం అక్కడ చేరేవాళ్లం. కాంట్రాక్టు కంపెనీలో టైమ్‌కీపర్‌గా నేను, కోనసీమవాణ్ని. పారిశ్రామికవాడ సనయ్యాలోని క్యాంపులో ఉండే జగిత్యాల అన్న, స్కాఫోల్డింగ్ పని. అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్ చేసే రాయచోటి బావ. మాకు టీ పోసే మలప్పురం ఇక్క, అంటే మలయాళంలో అన్న. రియాల్‌కొక కడక్ చాయ్. అల్లమూ పాలూ అరగంట మరిగి ఇటుకపొడి రంగుకొచ్చే ఆ టీ ముందు కూర్చుంటే, మా ముగ్గురి తెలుగూ మూడు రకాలుగా ఉండేది. ఇక్కకు మాత్రం మూడూ సమానంగా అర్థం కావు కాబట్టి న్యాయం జరిగేది.

ఫుట్‌బాల్ నాకు పెద్దగా తెలియదు, ముందే ఒప్పుకుంటున్నా. ఖతార్‌లో జరిగిన 2022 ప్రపంచకప్ చివరి రోజుల్లో గల్ఫ్‌లో ఉండేవాళ్లను మ్యాచ్ టికెట్ లేకున్నా రానిచ్చారు. ఇక్క ఫోన్ చేసి, ‘ఇప్పుడు రాకపోతే ఇక రావు’ అన్నాడు. డిసెంబర్ 18 ఆదివారం. మామూలుగా పనిదినం. కానీ అది ఖతార్ జాతీయ దినం కూడా కావడంతో అందరికీ సెలవు. ఆ రోజునే ఫైనల్ పెట్టారు.

అన్న మెట్రో స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి నవ్వకుండా, కింద నుంచి పైకి ఒకసారి కొలిచాడు.

‘‘ఏం తమ్మీ, పొట్టొచ్చింది. దుబాయి మంచిగనే సాదుతున్నట్టుంది.’’

పరామర్శలు అంతటితో సరి. మేం వెళ్లింది ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియానికి. దోహా శివార్లో, సనయ్యా అంచున ఉంటుంది. ఆట జరిగే లుసైల్ ఊరికి అటు చివర, ఇది ఇటు చివర. కూలినాలీ చేసుకునేవాళ్ల కోసం అక్కడ పెద్ద తెర కట్టి, ఉచితంగా రానిచ్చారు. నేపాలీలు, బెంగాలీలు, తమిళులు, ఆఫ్రికావాళ్లు. అర్జెంటీనా చొక్కాలే ఎక్కువ, చాలామందివి వీపు మీద 10 అంకె చెమటకే ఊడివచ్చే రకం. మైకులో హిందీ పాటలు. నేల మీద తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నాం. బావ మాడుగబ్బు కొట్టే పొట్లాల్లో పల్లీలు తెచ్చాడు. ‘‘మేడం వంటింట్లో వేయించినా బావా, ఎవురికీ చెప్పాకు.’’

ఆట మొదలవకముందే ఇక్క మా మీద పడ్డాడు. తెలుగువాళ్లకు క్రికెట్టూ సినిమా తప్ప ఏం తెలుసట! వాళ్ల కేరళలో, పుళ్లావూరు నది నడుమ మెస్సీ కటౌట్ పెడితే ప్రపంచమంతా చూసిందట. నిజమే, చూసింది. నాకు రోషం వచ్చింది. తెలుసున్న కాస్తా బయటకు తీశాను: భారత్ ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది రెండేసార్లు, 1951లో, 1962లో, రెండుసార్లూ కోచ్ మా హైదరాబాద్ రహీమ్ సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిందీ ఆయన జట్టే. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ వదల్లేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం పొట్టకూటి కోసం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, అక్కడే ఉండిపోయాడు. బలరాం ఆ రాత్రికి ఇంకా ఉన్నారు. మరో రెండు నెలలకు, 2023 ఫిబ్రవరిలో పోయారు.

ఇక్క అంతా విని, ‘‘అరవై ఏళ్ల కిందటి సంగతి నువ్వు చెబితే గానీ మీవాళ్లకే తెలియదు’’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆరు గంటలకు అర్జెంటీనా, ఫ్రాన్స్ ఆట మొదలైంది. 23వ నిమిషంలో మెస్సీ పెనాల్టీ. 36వ నిమిషంలో డి మరియా. రెండో గోలుకు ఇక్క నా మెడ పట్టుకుని ఊపిన ఊపుకు పల్లీలన్నీ నేలపాలు. కేకలు, ఈలలు, తువ్వాళ్లు గాల్లో. అన్న ఒక్కడే కదల్లేదు. తెర వైపే చూస్తున్నాడు గానీ, అందరూ ఎగిరినప్పుడు ఎగరడు, అందరూ నిట్టూర్చినప్పుడు నిట్టూర్చడు. బంతి ఇటొస్తే ఆయన కళ్లు ఎటో ఉంటాయి.

‘‘ఏంటన్నా, ఆట చూడవేం?’’

‘‘నేను కప్పు సూస్తున్న.’’

కప్పు ఇంకా బయటికే రాలేదు కదా అన్నాను. అన్న తెర పైభాగం వైపు గడ్డం ఎత్తాడు. కెమెరా మైదానమంతా చూపించినప్పుడల్లా పైన కనబడే స్టేడియం కప్పు!

2019 నుంచి లుసైల్లో రెండేళ్లు పనిచేశాడట. పై వరుసల దగ్గర పైపులు కట్టడం, క్లాంపులు బిగించడం, పని అయ్యాక మళ్లీ అంతా విప్పడం. పానా చేతిలోంచి జారి కిందివాళ్ల నెత్తిన పడకుండా దాన్ని నడుముకు తాడుతో కట్టుకునేవాడు. స్కాఫోల్డింగ్ అనేది చిత్రమైన పని. ఎంత బాగా చేస్తే అంత ఆనవాలు మిగలదు. మేస్త్రీ గోడ చూపిస్తాడు, పెయింటర్ రంగు చూపిస్తాడు, ఇతను చూపించడానికి గాలి తప్ప ఏముంది? ఎండాకాలంలో పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట పని కూడదని రూలొచ్చింది 2021లో. అప్పటికి పై పని అయిపోయిందన్నాడు. కనీస జీతం వెయ్యి రియాళ్లు చేసిందీ ఆ ఏడే. ‘‘మంచిదే గద’’ అన్నాడు, అంతే. లీగ్ మ్యాచ్‌కు నలభై రియాళ్ల టికెట్ ఒకటి దొరికిందట, ఆ రోజే డ్యూటీ పడింది. పని ముగిశాక మళ్లీ లోపలికి పోలేదు.

‘‘గా ఎడమ దిక్కు మూల సూడు. గాడ నేనూ మా రూమోడూ కట్టినం. ఇద్దరం ఒక్క పొద్దే ఎక్కెటోళ్లం.’’

‘‘ఆయన ఇప్పుడెక్కడ?’’

‘‘నిద్రల పోయిండు. పొద్దుగాల లేపితే లేవలే.’’ కొంచెంసేపు ఊరుకుని, ‘‘పెట్టెల పంపినం’’ అన్నాడు. కెమెరా మళ్లీ బంతి మీదికి దిగింది.

డెబ్భయ్యో నిమిషంలో బావ ఫోన్ మోగింది. మేడం పిల్లల్ని ఎక్కడి నుంచో తీసుకురావాలి. ‘‘ఇంగేముంది, అయిపాయ గదా’’ అని లేచి వెళ్లాడు. 80వ నిమిషంలో ఫ్రాన్స్ ఎంబాపే పెనాల్టీ కొట్టాడు. వంద సెకన్లు తిరగకముందే ఇంకోటి. 2-2. ఇక్క నెత్తిన చేతులు పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. అదనపు సమయంలో మెస్సీ ఒకటి, ఎంబాపే మళ్లీ పెనాల్టీ, 3-3. ఆఖరి క్షణంలో కోలో మువానీ ఎదురుగా వచ్చి కొట్టిన బంతిని అర్జెంటీనా గోలీ మార్టినెజ్ ఎడమకాలు చాచి ఆపాడే, అది మాత్రం నాలాంటి అజ్ఞానికీ వెన్నులో జలదరింపు తెచ్చింది.

పెనాల్టీ షూటౌట్‌కు బావ ఫోన్ చేశాడు. ఏదో మాల్ పార్కింగులో, ల్యాండ్ క్రూజర్‌లో కూర్చుని మొబైల్లో చూస్తున్నాడు. వాడి ఫోన్లో ఆట మాకంటే అర నిమిషం వెనక.

‘‘రేయ్, అరవాకండిరా! మీ అరుపు ముందొస్తాది, గోలు తర్వాతొస్తాది. నాకింగ ఏం మిగిలిచ్చినారు?’’

కోమన్ కొట్టింది మార్టినెజ్ ఆపాడు. చువామెని బయటికి కొట్టాడు. మొంటియెల్ ఆఖరిది వేశాడు. 4-2. మేం నోళ్లు చేత్తో మూసుకుని అర నిమిషం ఆగాం. ఫోన్లోంచి బావ గావుకేక వినబడ్డాక అప్పుడు అరిచాం. చుట్టూ వేలమంది అరిచి ఊరుకున్నాక, ముగ్గురం మాత్రం ఆలస్యంగా అరుస్తుంటే పక్కనున్న నేపాలీ కుర్రాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

ఎమీర్ షేక్ తమీమ్ మెస్సీ భుజాల మీద నల్లటి బిష్త్ కప్పాడు. అరబ్బు పెద్దింటివాళ్లు పెళ్లికీ పండక్కీ వేసుకునే పల్చటి అంగీ అది. జెర్సీ దాచేశారని తర్వాత ప్రపంచమంతా గొడవపడింది. మా చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఈలలు వేశారు. ఆ బట్ట ఎవరికి కప్పుతారో, ఎవరికి కప్పరో వాళ్లకు తెలుసు. అన్న ఫోన్ తీసి తెరను వీడియో తీయడం మొదలుపెట్టాడు. బాణాసంచా పేలుతోంది, బంగారు కాగితాలు రాలుతున్నాయి. ఆయన చెయ్యి మాత్రం పైకే ఉంది.

రాత్రి పదిన్నరకు నజ్మా చేరాం. ఇక్క తాళం తీసి, సెలవునాడే పొయ్యి వెలిగించాడు. బావ వచ్చి నాలుగో కుర్చీ లాక్కున్నాడు. టీ మరుగుతుండగా అన్న ఫోన్ టింగుమంది. జగిత్యాలలో అప్పటికి ఒంటిగంట. ఇంటర్ పరీక్షలకు చదువుతూ మేలుకుని ఉన్న కూతురు. అన్న కళ్లకు చత్వారం, నా చేతికిచ్చి చదవమన్నాడు.

‘‘నాన్నా, వీడియోల మెస్సీ ఏడి?’’