స్థలముల బేరములో గురుశిష్యులు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టుటకు ముందు స్థలము కొనవలెను గదా! చిక్కులు అక్కడనే ఆరంభమగును. స్థలములు కొని అమ్ముటలో చిరకాలము గడిపినవారి యొద్దకు ఆ విద్య నేర్చుకొనగోరి యువకులు వచ్చుచుందురు. వారిలో ఆ పెద్దలు చూచునది ధనము గాదు, మాటకారితనము గాదు, తొందరలేని పరిశీలన.

శిష్యుని చేతికి లింకు దస్తావేజులనిచ్చి, వీనిలో లేనిదేమియో చెప్పుమనుట మంచి పరీక్ష. క్రొత్తవాడు ఈ.సి. చూచి, తాకట్టు కనబడలేదని సంతోషించును. కాని అందు కనబడునవి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున నమోదైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా జరిగిన పంపకము, నేలపై నున్న పరుల స్వాధీనము అందు కానరావు. రిజిస్ట్రేషను దస్తావేజును నమోదుచేయునే గాని, అమ్మినవానికి హక్కు కలదని హామీ ఇయ్యదు.

కావుననే, "ఇది స్వార్జితమా, పిత్రార్జితమా? ఆ యింట ఆడపడుచులెందరు?" అని అడిగిన శిష్యునిపై గురువునకు ఆశ కలుగును. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కునిచ్చుచు ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టము చేసినది. అది అంతకుముందే వివాహమైన వారికి వర్తింపలేదు. 2005లో కేంద్రము చేసిన సవరణ కుమార్తెలందరకు ఆ హక్కును కలిగించినది. సంతకము చేయని సోదరి యొక్కతె యున్నను, కొన్నవాని జీవితకాలపు కూడబెట్టు కోర్టు పాలు కావచ్చును.

రెండవది, కాళ్లకు పని చెప్పు అలవాటు. దారి యున్నదా, వానకాలమున నీరు నిలుచునా, చెరువు శిఖములో చేరినదా అనునవి పొరుగు రైతు నడిగినచో తెలియును. గుంటకు 121 చదరపు గజములు, సెంటుకు 48.4, కాగితముపై నున్న విస్తీర్ణము నేలపై నున్నదా యని కొలిపించి చూడవలెను.

మూడవది, పరుల సొమ్మనిన భయము. రెరా యనబడు 2016 నాటి చట్టము ప్రకారము, నమోదు కావలసిన వెంచరును నమోదుకు ముందు ప్రకటించుటయు, అమ్ముటయు తప్పు. తక్కువ ధరకు వచ్చునని ముందుగానే బంధుమిత్రులచేత సొమ్ము కట్టింపజూచువానిని గురువు దగ్గరకు చేరనీయడు.

శిష్యుడు కుదిర్చిన మొదటి బేరముకంటె, కారణము చెప్పి మానుకొన్న మొదటి బేరమే గురువునకు తృప్తి నిచ్చును. స్వంతమునకు స్థలము కొనువారికిని ఈ పరీక్షలే రక్ష.