గంటలో క్షయను తేల్చే పెట్టెను నమ్మేదెలా?

ప్రశ్న: మా ఊరి ఆరోగ్య కేంద్రంలో అమ్మ తెమడను చిన్న యంత్రంలో పరీక్షించారు. గంటలో ఫలితం చెప్పారు. అది నిజమేనని ఎలా తెలుస్తుంది?

జవాబు: రాత్రి పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది. తోడులోని బాక్టీరియా అంత త్వరగా పెరుగుతాయి. క్షయ బాక్టీరియా అలా కాదు. ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే ప్రయోగశాలలో వాటిని పెంచి చూడాలంటే వారాలు ఆగాలి. మైక్రోస్కోపుతో వెంటనే చూడవచ్చు గానీ, మిల్లీలీటరు తెమడలో వేల బాక్టీరియా ఉంటేనే కనబడతాయి.

మరి పెంచకుండానే పట్టుకోవడం ఎలా? క్షయ బాక్టీరియాకే ప్రత్యేకమైన డీఎన్‌ఏ ముక్క ఒకటి ఎంచుకుంటారు. యంత్రం వేడి చేస్తూ, చల్లారుస్తూ దానికి నకళ్లు తీస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా 30 సార్లు రెట్టింపైతే నకళ్లు వంద కోట్లు దాటుతాయి. అప్పుడు యంత్రం వాటిని గుర్తించగలదు. ఈ పద్ధతి పేరు పీసీఆర్. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేసిన ట్రూనాట్ అనే యంత్రం, బ్యాటరీ మీద నడుస్తూ చేసేది ఈ పనే.

కొత్త త్రాసు సరైనదో కాదో తేల్చాలంటే బరువు తెలిసిన రాయి వేసి చూస్తాం. ఇక్కడ ఆ రాయి, బాక్టీరియాను పెంచి చూసే పాత పరీక్షే. ఒకే మనిషి తెమడను రెండు విధాలా పరీక్షించి రెండు లెక్కలు వేస్తారు. జబ్బున్నవారిలో ఎందరిని పట్టుకుంది? ఇది సెన్సిటివిటీ. లేనివారిలో ఎందరికి లేదని చెప్పింది? ఇది స్పెసిఫిసిటీ. రెండూ కావాలి. జబ్బును వదిలేస్తే దగ్గుతో ఇంట్లోవారికి పాకుతుంది. లేని జబ్బు ఉందంటే నెలల తరబడి అనవసరంగా మందులు మింగాలి.

యంత్రం పనిచేయాల్సిన చోటే దాన్ని పరీక్షించాలి. అందుకే ట్రూనాట్‌ను భారత్, ఇథియోపియా, పెరూ, పాపువా న్యూ గినీ దేశాల్లోని మామూలు ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించారు. అందులో వాడే ఎంటీబీ ప్లస్ అనే క్షయ పరీక్ష చిప్ జబ్బున్నవారిలో నూటికి సుమారు 80 మందిని పట్టుకుంది. లేనివారిలో నూటికి సుమారు 96 మందికి లేదనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దీన్ని సిఫారసు చేసింది.

డీఎన్‌ఏ చచ్చిన బాక్టీరియాలోనూ కొంతకాలం ఉంటుంది. కాబట్టి మందులు పనిచేస్తున్నాయో లేదో చెప్పడానికి ఈ పరీక్ష పనికిరాదు. మరో సంగతి, నూటికి 80 అంటే 20 మంది తప్పిపోతున్నారని కూడా అర్థం. యంత్రం జబ్బు లేదని చెప్పినా దగ్గు తగ్గకపోతే అమ్మను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.