తెర మీద వేటు పడితే ఈల వేసేది ఎవరు?



సినిమా చూడవచ్చా, చూడకూడదా అన్న పాత వాదన మేము ఇక్కడ చేయబోవడం లేదు. మన కుటుంబాలలో సినిమా చూడని ఇల్లు బహు కొద్ది. మా నర్సుల హాస్టలులో కూడా ఆదివారం సాయంత్రం టీవీ ముందు చోటు దొరకదు. మేము అడగదలచినది వేరు. తెర మీద ఒక మనిషిని వేటకొడవలితో నరికినప్పుడు హాలులో ఈలలు పడతాయి, కాగితాలు ఎగురుతాయి. ఆ ఈల వేసేది దర్శకుడు కాదు, కథ రాసినవాడు కాదు. టికెట్టు కొనుక్కుని కూర్చున్న మనమే.

మన తెలుగువారికి ఇది కొత్త కాదు. 1989లో వచ్చిన ‘శివ’లో కాలేజీ కుర్రవాడు సైకిలు చైను లాగిన దృశ్యాన్ని ఇప్పటికీ చెప్పుకునేవారున్నారు. తర్వాత 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’ వచ్చాయి. రెండింటికీ బి. గోపాల్ దర్శకుడు, బాలకృష్ణ కథానాయకుడు. అవి విరగబడి ఆడేసరికి 2002 ఒక్క సంవత్సరంలోనే ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’ వచ్చాయి. వరుసగా సుమోలు, నాటుబాంబులు, తొడ కొట్టడాలు! పండుగ పూట కొత్త బట్టలు వేసుకుని, పిల్లలను చంకనెత్తుకుని వెళ్లి మనం చూసి వచ్చినవి ఇవి.

ఈ కథల నడక ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. మొదట దుర్మార్గుడు హీరో తండ్రినో, అన్ననో, పసిబిడ్డనో చంపుతాడు. హీరో చాలాసేపు ఓర్చుకుంటాడు, దెబ్బలు కూడా తింటాడు. మనకు ఒళ్లు మండిపోతుంది. “ఇంకా కొట్టడేం?” అని పక్కవాడితో అంటాము. అప్పుడు కొడవలి లేస్తుంది, హాలు దద్దరిల్లుతుంది. అంటే చంపాలన్న కోరిక ముందు మన లోపల పుట్టింది, ఆ తరువాతే హీరో చెయ్యి లేచింది. అడిగినది దొరికింది కనుక మనకు ఆనందం. ఆ ఈలలను లెక్కపెట్టుకునే నిర్మాత తరువాతి సినిమాలో ఇద్దరికి బదులు ఇరవైమందిని నరికిస్తాడు. తప్పంతా సెన్సారువారిదేనని మనం ఇంటికి వచ్చి తీర్పు చెబుతాము.

2023 డిసెంబరులో వచ్చిన ‘యానిమల్’, ‘సలార్’, 2025 మే నెలలో వచ్చిన ‘హిట్: ది థర్డ్ కేస్’ మూడింటికీ సెన్సారువారు ‘ఎ’ సర్టిఫికెట్టు ఇచ్చారు. అంటే పెద్దలకు మాత్రమే అని బోర్డు మీదే రాసి ఉంది. మూడూ బాగానే వసూలు చేశాయి.

ఈ ఈలల అప్పు ఎక్కువగా తీర్చినది రాయలసీమవారు. అక్కడ ఫ్యాక్షను లేదని ఎవరూ అనరు. దానివల్ల మగదిక్కు పోయిన ఇళ్లు, పొలం బీడుపెట్టి ఊరు వదిలిన కుటుంబాలు నిజంగా ఉన్నాయి. కాని దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో అనంతపురం ఒకటి. అక్కడి రైతు ఎక్కువగా పోరాడినది వేరుశెనగ చేనులో, ఆకాశంతో. సినిమా ఆ కరువును వదిలి కొడవలిని మాత్రం తీసుకున్నది. అక్కడి పిల్లలు చదువుకు పట్నం వస్తే “మీ ఊళ్లో రోజూ బాంబులు వేసుకుంటారట కదా” అని నవ్వుతూ అడగడం మనకు అలవాటైపోయింది. అడిగినవారికది సరదాయే!

న్యాయంగా చెప్పాలంటే సినిమావారిలోనూ ఈ ప్రశ్న వేసుకున్నవారున్నారు. 2018లో ‘అరవింద సమేత వీరరాఘవ’ కత్తి పట్టినవాడే ఇక చాలనుకునే కథ చెప్పింది, ఇంట్లో మిగిలిపోయే ఆడవారి వైపు తిరిగి చూసింది. అయినా పిల్లల ముందు మనం చేసి చూపించేది అందులోని మొదటి పోరాటాన్నే. 2010లో ‘మర్యాద రామన్న’ కొట్లాట చేతకాని భయస్థుణ్ణి హీరోగా పెట్టి, పగను నవ్వులాటగా మార్చింది. దానిని కూడా జనం బాగానే ఆదరించారు. రక్తం లేకపోతే తెలుగువాడు టికెట్టు కొనడన్న మాట నిజం కాదన్నమాట.

తెర మీద కనిపించనిది

హీరో వేటు వేశాక కెమెరా అతని ముఖం మీదికి వెళ్లిపోతుంది. పడిపోయినవాడు ఏమయ్యాడో ఎవరూ చూపరు. క్యాజువాలిటీలో పనిచేసే మాకు ఆ మిగతా భాగమే తెలుసు, కనుక కొంచెం చెప్పనివ్వండి.

పెద్దవారి ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్ల రక్తం. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు పోతే బీపీ పడిపోతుంది, ఒళ్లు చల్లబడి చెమటలు పడతాయి, మనిషి మగతలోకి జారిపోతాడు. మన హీరోలు సరిగ్గా ఆ స్థితిలోనే రెండు పేజీల డైలాగు చెబుతారు.

పొట్టలో దిగిన కత్తిని హీరో లాగి విసిరేస్తాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. దిగిన కత్తి ఒక్కొక్కసారి తెగిన రక్తనాళానికి బిరడాలా అడ్డుపడి ఉంటుంది. లాగితే లోపల రక్తం ధారకడుతుంది. కత్తి కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి కట్టి, అలాగే తీసుకురావాలి.

వట్టి చేత్తో కత్తిని పట్టి ఆపడం మరొకటి. అరచేతిలో వేళ్లను ముడిచే నరాల్లాంటి తాళ్లు ఉంటాయి, వాటినే టెండన్లు అంటాము. అవి తెగితే ఆపరేషను చేసి కుట్టాలి. కొన్ని వారాలు బద్ద కట్టి ఉంచాలి. ఆ తరువాత నెలల తరబడి వ్యాయామం. అంత చేసినా కొందరికి పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. తాపీ పట్టేవాడికి, కుట్టుమిషను తొక్కి బ్రతికేవాడికి ఆ చెయ్యే కదా అన్నం పెట్టేది.

అన్నిటికంటె మోసపుచ్చేది తల దెబ్బ. తెర మీద తలపై సీసా పగిలినవాడు తల విదిలించుకుని లేస్తాడు. నిజంగానూ కొందరు అలాగే లేస్తారు, మాట్లాడతారు, అన్నం తిని పడుకుంటారు. పుర్రె లోపల సన్నగా కారిన రక్తం గడ్డకట్టి మెదడును నొక్కుతుంటే, కొన్ని గంటల తరువాత స్పృహ తప్పుతుంది. తల దెబ్బ తగిలినవారికి వాంతులు, పెరిగే తలనొప్పి, విపరీతమైన నిద్రమత్తు, ఫిట్సు, ముక్కులోనుంచో చెవిలోనుంచో నీరు లేక రక్తం కారడం, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు.

ఇక పోలీసు కేసు, కోర్టు వాయిదాలు, తాకట్టుకు వెళ్లే పుస్తెలు, వార్డు బయట చాప మీద పడుకుని రక్తం ఇచ్చేవారికోసం ఫోన్లు చేసే భార్య. ఆమె ఏ సినిమాలోనూ రెండు నిమిషాలకు మించి కనిపించదు.

చిన్న కళ్లు

సినిమా చూసిన ప్రతివాడూ కత్తి పడతాడని మేము అనడం లేదు. పాత పగ, తాగుడు, పొలం గట్టు తగాదా, ఇవన్నీ కలిస్తేనే కత్తి లేస్తుంది. కాని పసిపిల్లల సంగతి వేరు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో ఒక పరీక్ష చేశారు. పడదోస్తే తిరిగి లేచే గాలిబొమ్మను ఒక పెద్ద మనిషి కొడుతుండగా చూసిన పిల్లలు, తామూ అలాగే కొట్టారు. ఫిల్ములో చూపించినా అంతేనని 1963లో తేలింది.

1965లో చేసిన పరీక్ష మన సంగతికి మరీ దగ్గర. కొట్టినవాడికి మెప్పు, మిఠాయి దొరికినట్లు కొందరు పిల్లలకు, చీవాట్లు పడినట్లు కొందరికి, ఏమీ జరగనట్లు కొందరికి చూపించారు. చీవాట్లు చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కాని “అతను ఏమి చేశాడో చేసి చూపిస్తే బహుమతి ఇస్తాము” అనగానే ఆ తేడా పోయింది. అందరూ నేర్చుకునే ఉన్నారు, కొందరు బయటపెట్టలేదు అంతే! మన సినిమాలో కొట్టినవాడికి దొరికే మెప్పు తెర మీదే ఆగదు. పక్క కుర్చీలో నాన్న చప్పట్లు కొడతాడు. ఆ వయసు పిల్లవాడికి అంతకంటె పెద్ద మిఠాయి ఏముంటుంది?

‘ఎ’ సినిమాకు 18 ఏళ్లు నిండనివారిని, తల్లిదండ్రులు వెంట ఉన్నా, హాలులోకి రానివ్వకూడదు. పెద్దల తోడుతో చూడదగిన ‘యుఎ’ సినిమాలను 2024 నుండి 7, 13, 16 ఏళ్ల వరుసన మూడుగా విడదీశారు. అయితే యుఎ అంకె తల్లిదండ్రులకు ఇచ్చే సలహా మాత్రమే. ఆ వయసు చూసి పిల్లవాణ్ణి గేటు దగ్గర ఆపరు. టికెట్టు కొనేముందు దానిని చూడవలసినది మనమే. ఇంట్లో ఫోనులో చూసేటప్పుడైతే గేటే లేదు.

పొరపాటున చూసి వచ్చిన పిల్లలు కొన్ని రాత్రులు ఉలిక్కిపడి లేవవచ్చు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టవచ్చు. కొట్టవద్దు, వెక్కిరించవద్దు. దగ్గర పడుకోబెట్టుకోండి. ఆ రక్తం రంగునీళ్లని, పడిపోయినవాళ్లు లేచి ఇంటికి వెళ్లారని చెప్పండి. “నిజంగా కొడితే లేస్తాడా?” అని వాడు అడిగితే, లేవడని కూడా చెప్పండి.