మీ ఫోన్‌లో కనిపించే ఏక్యూఐ మీ వీధిదేనా?

పొద్దున్నే ఫోన్ తీస్తే వెదర్ యాప్‌లో ఏక్యూఐ నంబర్ కనిపిస్తుంది. ఆ రీడింగ్ ఎక్కడిదో ఎప్పుడైనా చూశారా? హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటి చోట్ల ప్రభుత్వ మానిటరింగ్ స్టేషన్లు ఉన్నాయి. వాటికి దూరంగా ఉన్న కాలనీకి యాప్ చూపించేది చాలాసార్లు అంచనా మాత్రమే. అందుకే సొంతంగా మానిటర్ కొనుక్కునేవాళ్లు ఉన్నారు.

కొనే ముందు ఇవి తెలుసుకోండి

స్కేల్: గాలిలో పీఎం 2.5 క్యూబిక్ మీటర్‌కు 60 మైక్రోగ్రాములు ఉంటే మన ఏక్యూఐ 100, అంటే ‘సంతృప్తికరం’. అదే గాలికి అమెరికా స్కేల్‌లో 150 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 24 గంటల పరిమితి 15 మాత్రమే. కాబట్టి రంగు కాదు, పీఎం 2.5 విలువ చూపించే మోడల్ తీసుకోండి.

తేమ: తక్కువ ధర మానిటర్లలో లేజర్ కాంతి ధూళి కణాల మీద పడి చెదిరే తీరును బట్టి లెక్క వేస్తారు. పొగమంచు ఉన్న పొద్దున రీడింగ్ అసలు కంటే ఎక్కువ రావచ్చు.

వాయువులు: లేజర్ సెన్సర్ కణాలనే చూస్తుంది. ఫ్యాక్టరీ నుంచి ఘాటు వాసన వస్తున్నా స్క్రీన్ మీద పచ్చరంగే ఉండొచ్చు.

మరి కొనలేనివాళ్ల సంగతి?

అమెరికాలో పర్పుల్‌ఎయిర్ సెన్సర్లు ఎక్కువగా డబ్బున్న ప్రాంతాల్లోనే ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. మన దగ్గరా అలా జరగడానికి ఎంతోసేపు పట్టదు. గేటెడ్ కమ్యూనిటీ బాల్కనీలో మానిటర్ ఉంటుంది, గోడ అవతలి బస్తీలో ఉండదు. మ్యాప్‌లో ఖాళీగా ఉన్న చోటు చూసి అక్కడ సమస్య లేదనుకుంటాం. నిజానికి అక్కడ కొలిచినవాళ్లే లేరు. చెత్త తగలబెడుతున్నారని కంప్లైంట్ ఇవ్వాలన్నా వాళ్ల చేతిలో ఒక్క నంబర్ కూడా ఉండదు.

కోడింగ్ కాస్త వచ్చినవాళ్లం దీనికి కొంతైనా చేయొచ్చు. 2015లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదలైన సెన్సర్ కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఓపెన్ సోర్స్. చిన్న వైఫై బోర్డు, ధూళి సెన్సర్ కలిపి బిగిస్తే రీడింగ్స్ నేరుగా పబ్లిక్ మ్యాప్‌లోకి వెళ్తాయి. మీ బాల్కనీకి ఒకటి చేస్తే, పక్క బస్తీలోని స్కూల్‌కో అంగన్‌వాడీకో అడిగి రెండోది పెట్టండి. వైఫై, కరెంట్ ఎవరిస్తారో ముందే మాట్లాడుకోండి. రీడింగ్ ఎలా చదవాలో అక్కడివాళ్లకు నేర్పండి. అది చదవడం వాళ్లకు వస్తేనే ఆ పెట్టె పెట్టినందుకు ఫలితం.